ఉపన్యాసానికి పనికొచ్చిన స్విచ్చి

మా కాలేజీలో ఇకమీదట ఎవరూ మామూలుగా మాట్లాడరాదని పాలకవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇన్నాళ్లూ పిల్లలు కావలసింది అడిగేసి, చెప్పవలసింది చెప్పేసి తమ దారిన తాము పోతున్నారనీ, దీనివల్ల సంస్థ పరువుకు భంగం కలుగుతోందనీ గుర్తించడమైనది. అందుకని వక్తృత్వ కళను అన్ని కోర్సులకూ తప్పనిసరి చేశారు. రసాయనశాస్త్రం తప్పినవాడు మళ్లీ రాసుకోవచ్చు. వక్తృత్వం తప్పినవాడికి మాత్రం డిగ్రీ లేదు. న్యాయమే. రసాయనాలు తెలియనివాడు మహా అయితే ఒక గది తగలబెడతాడు. మాట్లాడటం రానివాడు సభంతా పాడు చేస్తాడు.

ఈ కళ నేర్పడానికి వచ్చినాయనకు పిల్లలు గంభీరం మాస్టారని పేరు పెట్టారు. ఆయన ఇంట్లో ఉప్పు కావలసినా గొంతు సవరించుకుని, ఒక చెయ్యి నడుం వెనక పెట్టుకునే అడుగుతాడని వాళ్లావిడే చెప్పింది. కూర చల్లారాక గానీ ఉప్పు అందదట.

"విషయం అనేది గోడకు కొట్టిన కొయ్య లాంటిది నాయనా," అన్నాడాయన మొదటి క్లాసులో. "ఉండాలి. కాదనను. కానీ దాన్నెవరు చూస్తారు? దానికి తగిలించిన కోటును చూస్తారు!"

మార్కుల పద్ధతీ దానికి తగ్గట్టే ఉంది. నిలబడ్డందుకు మార్కులు, చేతులు తిప్పినందుకు మార్కులు, ఆగవలసిన చోట ఆగినందుకు మార్కులు. మొదట్లో విషయానికీ కొన్ని ఉండేవి. వాటి మీద ఆశతో కొందరు పిల్లలు నిజంగానే ఏదో చెప్పబోతున్నారని తెలిసి వెంటనే తీసేశారు. వినేవాళ్లకూ మార్కులు పెట్టారు. సమయానికి తల ఊపాలి, కనుబొమలు ఎత్తాలి, అవసరాన్ని బట్టి నిట్టూర్చాలి. దాంతో అందరూ వింటున్నట్టు కనబడే పనిలో మునిగిపోయారు. వినడానికి ఒక్కరికీ తీరిక లేదు.

ఇలా ఉండగా, ఆడపిల్లల హాస్టల్లో ఒక స్విచ్చి ఉంది. స్నానాల గదిలో నీళ్లు కాగే హీటరుది. దాని మీద వేలు పెడితే షాకు కొడుతుంది. అందుకోసం పాత రబ్బరు చెప్పొకటి పక్కనే మేకుకు తగిలించి ఉంచారు. దాంతో నొక్కాలి. కొత్తగా చేరిన పిల్లలకు ముందు గది చూపిస్తారు, తర్వాత చెప్పు చూపిస్తారు. అంతవరకూ ఏర్పాట్లకు లోటేమీ లేదు.

ఆ హాస్టల్లో అక్కాచెల్లెళ్లు ఇద్దరున్నారు. ఒకరోజు చెల్లెలు చెప్పు మరిచిపోయి వేలు పెట్టింది. మోచేతి దాకా మొద్దుబారిపోయి, రెండు రోజులు అక్కచేత జడ వేయించుకుంది. అక్క ఆ పొద్దుటే వార్డెన్ దగ్గరికి పరుగెత్తింది.

"మేడమ్, ఆ స్విచ్చి మార్పించండి. మా చెల్లికి షాకు కొట్టింది. ఇలాగే వదిలేస్తే ఎవరో ఒకరు పోతారు."

వార్డెన్ కళ్లజోడు తీసింది. "ఏంటమ్మా ఆ తీరు? వచ్చావు, అనేశావు. నమస్కారం లేదు, ఉపోద్ఘాతం లేదు. క్లాసులో నేర్పేది ఇదేనా? వెళ్లి పద్ధతిగా చెప్పడం నేర్చుకుని రా."

అక్క వెళ్లి కాలేజీ ఎలక్ట్రీషియన్‌ను అడిగింది.

"పైనుంచి మాట రావాలమ్మా," అన్నాడతను. "నీ మాట మీద నేను స్విచ్చి పీకితే, రేపు వాళ్లు నన్ను పీకుతారు."

కాబట్టి అక్క నేర్చుకుంది. పంతం పట్టి నేర్చుకుంది. ఆ రబ్బరు చెప్పునే మైకులా పట్టుకుని, చెల్లెల్ని మంచం మీద కూర్చోబెట్టి సాధన చేసింది. గంభీరం మాస్టారు దగ్గరుండి దిద్దాడు.

"'పోతారు' అనే ముందు ఆగాలమ్మా. ఆగి, సభను ఈ చివర నుంచి ఆ చివరకు చూడాలి. గబుక్కున పోతే ఆ చావుకు నిండుతనం ఏముంటుంది?"

వార్షిక పోటీ రోజున అక్క వేదికెక్కి, "సభను అలంకరించిన పెద్దలారా! విద్యుత్తు మానవజాతికి వెలుగు. ఆ వెలుగే నా చెల్లెలి వేలి కొసన చీకటై నిలిచిన వేళ..." అని అందుకుంది. సభ ఊగిపోయింది. ప్రిన్సిపాల్ కళ్లు తుడుచుకున్నాడు. ఇంత గొప్ప స్విచ్చి మా హాస్టల్లోనే ఉందా అని వార్డెన్ పక్కవాళ్ల వైపు గర్వంగా చూసింది. మొదటి బహుమతి అక్కదే.

సభ అయ్యాక చెల్లెలు మైకు సర్దుతున్న ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లింది. "అన్నా, మా అక్క చెప్పింది విన్నావుగా?"

"ఎందుకు వినలేదమ్మా! మొదట్నుంచి చివరిదాకా చెవులు రిక్కించుకునే ఉన్నా. ఎక్కడా కుయ్యిమనలేదు మైకు!"

మర్నాడు అక్క నమస్కారంతో, ఉపోద్ఘాతంతో సహా వార్డెన్‌కు మళ్లీ విన్నవించింది. ఆవిడ కళ్లు మూసుకుని విన్నది. "ఆహా! ఉండమ్మా, మా ఆయన్ని కూడా పిలుస్తాను. ఇంకోసారి చెప్పు."

ఆ తర్వాత అక్క వేరే కాలేజీల పోటీలకు వెళ్లింది. వెళ్లిన చోటల్లా గెలిచింది. షీల్డులు పెట్టడానికి ప్రిన్సిపాల్ గదిలో పుస్తకాల బీరువా ఖాళీ చేశారు. ఒకచోట న్యాయనిర్ణేత, "ఆ స్విచ్చి ఇప్పటికీ అలాగే ఉందామ్మా?" అని అడిగాడు. "అలాగే ఉందండీ," అంది అక్క. ఆయన చలించిపోయి, నిజాయితీ కింద ఇంకొన్ని మార్కులు కలిపాడు.

సంగతి తెలిసి పాలకవర్గం అత్యవసరంగా సమావేశమైంది. స్విచ్చి మారిస్తే ఆ అమ్మాయి వేదిక మీద అబద్ధం చెప్పినట్టవుతుందనీ, విద్యార్థులచేత అబద్ధాలు ఆడించే సంస్థ తమది కాదనీ, కనుక సదరు స్విచ్చిని యథాతథంగా కాపాడాలనీ తీర్మానించింది. విలువలున్న సంస్థ.

చివరి పోటీకి వారం ఉందనగా, హాస్టల్ స్నానాల గదిలో బల్బు మార్చడానికి వెళ్లిన ఎలక్ట్రీషియన్‌కు ఆ స్విచ్చే తగిలి షాకు కొట్టింది. ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఎక్కని విషయం అతనికి దెబ్బకు ఎక్కింది. సాయంత్రమే జేబులో కొత్త స్విచ్చి వేసుకుని వచ్చాడు.

"ఎవరికీ చెప్పకండమ్మా. చిటికెలో పని," అన్నాడు.

చెల్లెలి మొహం వెలిగింది. అక్క మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అన్నా... ఫైనల్ అయ్యాక మార్చకూడదా?"

"అదేంటమ్మా! నెత్తీ నోరూ కొట్టుకుని అడిగింది నువ్వేగా!"

"అడిగాను. ఇంకొక్క వారమే కదా అన్నా."

"అక్కా, షాకు కొట్టింది నాకే!" అంది చెల్లెలు.

"తెలుసే పిచ్చిదానా. అందుకేగా నీ గురించి అంత బాగా చెబుతున్నాను!"

ఎలక్ట్రీషియన్ ఇద్దరి వైపూ చూసి, కొత్త స్విచ్చి మళ్లీ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఫైనల్లోనూ మొదటి బహుమతి మా కాలేజీకే వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈసారి ఉపన్యాసానికి అదనపు బలం కూడా చేకూరింది. అంతకు రెండు రోజుల ముందు తడికాళ్లతో ఉన్న చెల్లెలికి ఆ స్విచ్చే మళ్లీ తగిలి అరచెయ్యి కాలింది. అక్క ఆమెను వేదిక మీదికి పిలిచి, కట్టు కట్టిన ఆ చేతిని పైకెత్తి సభకు చూపించింది. హాలు దద్దరిల్లింది. ముందు వరసల్లో వాళ్లు లేచి నిలబడ్డారు. మీరూ అక్కడే ఉన్నారు, చూశాను. చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల ఒక్కతే కొట్టలేకపోయింది.