జోయా ఇంట్లోనే ఉన్నట్టు రుజువు

జనగామలో మంగళవారం ఉదయం ఆరు గంటలకు హాజిరా బీ మనవరాలి సంచీ సర్దడం మొదలుపెట్టింది. రెండు జతల బట్టలు, తువ్వాలు, శాలువా, నాలుగు జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు సీసా, జలుబు మాత్రలు, ఒక స్టీలు గ్లాసు, ఒక తాడు పెట్టింది. తాడెందుకని జోయా అడిగింది. బట్టలు ఆరేసుకోవడానికని ఆమె చెప్పింది.

"దాదీ, నేను పోయేది మానుకోటకు. పొద్దుగూకేవరకు ఇంట్ల ఉంట."

"అందరూ గట్లనే చెప్పి పోతరు," అంది హాజిరా బీ, శాలువా మీద ఇంకో శాలువా పెడుతూ.

డెబ్బై రెండేళ్ల హాజిరా బీ దృష్టిలో ప్రయాణాల్లో దగ్గరివీ దూరానివీ అని రెండు రకాలు లేవు. గడప దాటిన మనిషి మళ్లీ గడప లోపలికి అడుగుపెట్టేదాకా పోయినట్టే లెక్క, అది మానుకోట అనే మహబూబాబాద్ అయినా, మక్కా అయినా. జోయా ఇరవై నాలుగేళ్ల పిల్ల, బీకాం చదివింది. ఆస్ట్రేలియాలో ఏడాదిపాటు ఊళ్లు తిరుగుతూ సెలవు గడిపి, ఖర్చులకు ఏదో ఒక పని చేసుకునే వీసా కోసం పేరు పంపింది. వేలమందిలో లాటరీ తీస్తే ఆమె పేరు వచ్చింది. ఇరవై ఎనిమిది రోజుల్లో కాగితాలన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి, లేకపోతే ఆ అవకాశం పోతుంది. ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. ఈ మనిషి మీద కేసులేమీ లేవని పోలీసులు ఇచ్చే కాగితం ఒక్కటే మిగిలింది. దానికి మహబూబాబాద్ పోస్టాఫీసులోని పాస్‌పోర్టు కౌంటర్లో ఆ రోజు తేదీ దొరికింది.

సంచీ అయ్యాక హాజిరా బీ పచ్చగుడ్డలో రూపాయి బిళ్ల చుట్టి, మనవరాలి కుడి జబ్బకు ఇమామ్ జామిన్ కట్టింది. ప్రయాణం పోయేవాళ్లను ఇమాము పూచీ మీద పంపడమన్నమాట. చేరిన చోట ఆ బిళ్ల ఎవరైనా బీదవాళ్లకు ఇవ్వాలి.

"మానుకోటకు ఇమామ్ జామిన్ ఎవరన్న కడతరా?"

"నేను కడత."

రైలుకు ఇరవై నిమిషాలే ఉంది. జోయా సంచీ భుజానికెత్తుకుంది.

ఎదురింటి గట్టమ్మ అప్పుడే వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తోంది. ఆమె తలెత్తేసరికి పిల్ల చేతికి పచ్చగుడ్డ దట్టీ, భుజాన పగిలిపోయేంత సంచీ, వెనక గుమ్మం పట్టుకొని కళ్లు తుడుచుకుంటున్న హాజిరా బీ కనిపించారు. ఈ ఇంట్లో దట్టీ కట్టడం గట్టమ్మ అంతకుముందు రెండుసార్లే చూసింది. ఒకసారి హజ్ యాత్రకు, ఒకసారి దుబాయికి. ఆస్ట్రేలియా ఉత్తరం వచ్చిన సంగతి ఆమెకు తెలుసు.

"ఇయ్యాల్నే పోతున్నవా బిడ్డా?"

"ఔ పెద్దమ్మా, రైలు టైమైంది. వచ్చినంక మాట్లాడుత."

గట్టమ్మ ముగ్గు చిప్ప అక్కడే పడేసి లోపలికి ఉరికి మురుకుల డబ్బా తెచ్చి సంచీలో కుక్కింది. ఆటో కదిలేదాకా చెయ్యి ఊపి, తిన్నగా గల్లీ మొదట్లో ఉన్న యాదగిరి దుకాణానికి పోయింది.

యాదగిరి ఫ్లెక్సీలు అచ్చు వేస్తాడు. వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో వార్డుకు నిలబడాలని అతనికి ఉంది. గల్లీలో ఎవరింట్లో ఏం జరిగినా అతని ఫ్లెక్సీ ఉంటుంది.

"అక్కడ పని చేస్తరట, అది సెలవట," అంది గట్టమ్మ. "పనుంటే సెలవేంది, సెలవుంటే పనేంది?"

"ఆస్ట్రేలియాల గట్లనే ఉంటదక్కా," అన్నాడు యాదగిరి, కంప్యూటర్ తెరుస్తూ. జోయా పాస్‌పోర్టు ఫొటోలు తీసింది అతనే కనుక ఫొటోకు వెతుక్కోవలసిన పని లేకపోయింది.

పదకొండు గంటలకల్లా గల్లీ మొదట్లో రెండు స్తంభాల మధ్య ఫ్లెక్సీ లేచింది. 'ఆస్ట్రేలియా బయలుదేరిన మా వార్డు ఆణిముత్యం కుమారి జోయాకు హృదయపూర్వక శుభాకాంక్షలు' అని రాసి ఉంది. ఒక మూల విమానం, ఒక మూల కంగారూ ఉన్నాయి. జోయా ముఖం కంగారూ కంటే చిన్నగా ఉంది. మిగిలిన జాగా అంతా చేతులు జోడించిన యాదగిరే ఉన్నాడు.

జోయా తండ్రి అమ్జద్ ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. మధ్యాహ్నం భోజనానికి వస్తూ అతను ఫ్లెక్సీ చూసి స్కూటర్ ఆపాడు.

"ఎట్లుందన్నా?" అని యాదగిరి దుకాణంలోంచే అడిగాడు.

అమ్జద్ మెత్తటి మనిషి. ఒకరు కష్టపడి చేసిన పనిని తప్పని చెప్పడం అతనికి చేతకాదు. "బాగుంది," అన్నాడు. సాయంత్రం కూతురు అదే ఫ్లెక్సీ కింద నుంచి నడిచి వస్తుంది, అందరూ నవ్వుకుంటారు, అంతటితో అయిపోతుందని అనుకున్నాడు. ఇంటికి పోయి తల్లికి కూడా చెప్పలేదు. భార్య తన అన్న కొడుకు పెళ్లి పనులకు డోర్నకల్ పోయింది కాబట్టి ఆమెకు చెప్పే పనీ లేకపోయింది.

సాయంత్రం జోయా రాలేదు. ఆ ఏడాదిలో ఎనిమిది నెలలు ఆమె భూపాలపల్లిలో మేనత్త తబస్సుమ్ ఇంట్లో ఉండి ఒక ప్రైవేటు దవాఖానలో పని చేసింది. అందుకని అక్కడి పోలీసుల విచారణ కూడా కావాలనీ, దవాఖాన నుంచి ఒక ఉత్తరం తెచ్చుకొమ్మనీ కౌంటర్లో చెప్పారు. ఆమె అటు నుంచి అటే వరంగల్ మీదుగా బస్సు మారి భూపాలపల్లి పోయింది. ఉత్తరం మీద సంతకం పెట్టవలసిన మేనేజరు శుక్రవారం గాని రాడట. ఈ సంగతి ఫోన్లో విన్నాక హాజిరా బీ, నేను చెప్పలేదా అన్నట్టు, కొడుకు వైపు ఒకసారి చూసింది.

బుధవారం పొద్దున గల్లీ అవతల నుంచి గట్టమ్మ పలకరించింది.

"పిల్ల చేరిందా అక్కా?"

"చేరింది. రాత్రి ఫోన్ చేసింది."

"చలి ఉందటనా?"

"మస్తుందట. చుట్టూ అడివే గద."

"తిండికి తిప్పలేమో."

"తిప్పలేంది, మా తబస్సుమ్ ఉంది గద అక్కడ. ఉడుకుడుకుగ వండిపెడుతది."

తబస్సుమ్ ఆస్ట్రేలియా ఎప్పుడు పోయిందో గట్టమ్మకు తెలియలేదు. అడిగితే బాగుండదని ఊరుకుంది. ఒకే ఇంటి నుంచి ఇద్దరు పోయినా బయట గొప్పలు చెప్పుకోని మనుషులని మెచ్చుకుంది. సాయంత్రానికి గల్లీ అంతా మెచ్చుకుంది.

శుక్రవారం కానిస్టేబుల్ ప్రదీప్ విచారణకు వచ్చాడు. ఆ గంటలోనే హాజిరా బీ రేషన్ దుకాణం వరుసలో ఉంది, అమ్జద్ ఎవరింట్లోనో ఫ్రిజ్ విప్పి కూర్చున్నాడు. తాళం చూసి ప్రదీప్ ఎదురింటికి పోయాడు.

"ఈ ఇంట్ల జోయా అనే అమ్మాయి ఉంటదా అమ్మా?"

"ఉండేది సార్. మంగళవారం ఆస్ట్రేలియా పోయింది."

"మంగళవారమే గదా అప్లికేషన్ పెట్టింది."

"మస్తు హుషారు పిల్ల సార్. ఒక్కదినంల అన్ని పనులు చేసుకుంటది."

ప్రదీప్‌కు నమ్మకం కలగలేదు. ఆ ఇబ్బంది తీర్చడానికి యాదగిరి వచ్చి అతన్ని ఫ్లెక్సీ దగ్గరికి తీసుకుపోయాడు. ప్రదీప్ దాన్ని ఫొటో తీశాడు. యాదగిరి ఫొటోలో పడేలా పక్కన నిలబడ్డాడు. పోలీసు విచారణంటే అమ్మాయి నిజంగా పోయిందో లేదో కనుక్కోవడమేనని గట్టమ్మా యాదగిరీ అనుకున్నారు. సాక్షులుగా ఆధార్ నంబర్లతో సహా సంతకాలు పెట్టారు. పిల్ల మంచిదని కూడా రాయమని గట్టమ్మ బతిమాలింది. ప్రదీప్ అది కూడా రాశాడు.

శనివారం మధ్యాహ్నం జోయా వచ్చింది. బస్సులోనే ఆమె పోలీసు విచారణ రిపోర్టు ఫోన్లో చూసుకుంది. దరఖాస్తుదారు ఆ చిరునామాలో నివసించడం లేదు, విదేశానికి వెళ్లారు, ప్రవర్తన మంచిది అని ఉంది. ఎవరో పొరపాటు పడ్డారనుకుంటూ గల్లీ మొదటికి వచ్చి తలెత్తి చూసింది. పొరపాటు రెండు స్తంభాల మధ్య కట్టి ఉంది. గడువు ఇంకా ఏడు రోజులు.

గట్టమ్మ ఆమెను చూసి అరుగు మీద కూలబడింది. "నాలుగు దినాలకే పంపేసిండ్రా బిడ్డా?"

"నేను పోనేలేదు పెద్దమ్మా. మానుకోటకు పోయిన. అటెన్క భూపాలపల్లి."

"బాధల ఉన్నోళ్లు గట్లనే అంటరు," అని గట్టమ్మ ఆమె వీపు నిమిరింది. "తబస్సుమ్‌నన్న ఉంచుకున్నరా?"

సాయంత్రం వరకు ఇంటికి పరామర్శలు వచ్చాయి. ఆస్ట్రేలియావాళ్ల మీద కేసు వేద్దామని యాదగిరి అన్నాడు. సౌదీ నుంచి తిరిగొచ్చినవాళ్లు కూడా తర్వాత బాగానే బతికారని ఇంకొకాయన ధైర్యం చెప్పాడు. అమ్జద్ అందరికీ చాయ్ ఇచ్చాడు. తను ఫ్లెక్సీ బాగుందన్న సంగతి ఆ రాత్రే ఒప్పుకున్నాడు.

ఆదివారం తండ్రీ కూతురూ ఠాణాకు పోయారు.

"నువ్వు ఆస్ట్రేలియాల ఉన్నవమ్మా," అన్నాడు ప్రదీప్, కాగితం చూపిస్తూ.

"నీ ముందట ఉన్న సార్."

"ఉన్నవు. నేను కాదంటలేను. కాని నువ్వు లేవని ఇద్దరు సంతకం పెట్టిండ్రు. వాళ్లే మల్ల రాసియ్యాలె. నేను చూసిన అని నేనే రాసుకుంటే ఒప్పుకోరు."

వాళ్లు మళ్లీ రాసివ్వలేదు. పోలీసులకు ఒక మాట చెప్పి, అది అబద్ధమని తనే రాసిస్తే లోపల వేస్తారని గట్టమ్మ భయపడింది. యాదగిరి భయం వేరు. "అన్నా, నా ఫ్లెక్సీ తప్పని నేనే సంతకం పెడితే రేపు వార్డుల నా మాట ఎవడు నమ్ముతడు?" అన్నాడు. అమ్జద్ అదీ నిజమేనన్నాడు.

సోమవారానికి అయిదు రోజులు మిగిలాయి. జోయా కాగితాలన్నీ కవర్లో పెట్టేసి మంచం మీద కూర్చుంది. రెండేళ్లుగా ఇంగ్లిషు పరీక్షకు చదివింది, దవాఖానలో రాత్రి డ్యూటీలు చేసింది. ఇదంతా ఒక ఫ్లెక్సీ కింద పోతోంది.

"ఇడిసిపెడదాం దాదీ. నేను పోకుంటే నీకు సంతోషమే గద."

"సంతోషమే," అంది హాజిరా బీ. కళ్లజోడు వెతికి తీసుకుంది. "లే. చున్నీ ఏసుకో. ఠాణాకు పోదాం."

ఠాణాలో ఆమె ముందుగా ఆ విచారణ ఫారం అడిగి తీసుకుంది. హాజిరా బీ బడికి పోలేదు. చక్కెర కట్టిన పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కొని నలభయ్యో ఏట చదవడం నేర్చింది. అప్పటి నుంచి ముందూ వెనకా పూర్తిగా చదవనిదే ఏ కాగితాన్నీ వదలదు. వేలు కింద పెట్టి వరుస వరుస చదువుతుంటే ప్రదీప్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

"ఇందుల ఎక్కడికి పోయిందని అడగలేదు బిడ్డా," అంది చివరికి. "ఈ ఇంట్ల ఉంటదా, ఉండదా, గదే అడిగిండ్రు."

"గంతే అవ్వా."

"మరి మీరు ఎక్కడికి పోయిందో ఎందుకు రాసిండ్రు?"

ప్రదీప్ ఫారం తిప్పి చూసుకున్నాడు. "వాళ్లు చెప్పిండ్రు, రాసిన," అన్నాడు.

హాజిరా బీ ఒక తెల్లకాగితం తీసుకొని మనవరాలితో మూడు వాక్యాలు రాయించింది. జోయా మంగళవారం ఉదయం సంచీతో ఇల్లు విడిచి వెళ్లింది. శనివారం మధ్యాహ్నం తిరిగి వచ్చింది. ప్రస్తుతం ఈ ఇంట్లోనే ఉంటున్నది.

గల్లీకి తిరిగొచ్చి ఆ కాగితం గట్టమ్మకు చదివి వినిపించింది. "పోయింది అన్నవు, పోయింది. నువ్వు అబద్ధం ఆడలే. వచ్చింది, కండ్లతోని చూసినవు. ఇంక భయమేంది?" గట్టమ్మ రెండుసార్లు చదివించుకొని సంతకం పెట్టింది. యాదగిరి కాగితమంతా వెతికాడు. ఆస్ట్రేలియా అనే మాటే అందులో లేదు కనుక అది తప్పని కూడా లేదు. అతనూ పెట్టాడు. మరునాడు పాత ఫ్లెక్సీ దింపి 'విజయవంతంగా తిరిగి విచ్చేసిన' అని కొత్తది కట్టాడు.

బుధవారం జనగామ పోలీసుల రిపోర్టు సరిగా పోయింది. భూపాలపల్లిది మిగిలింది. అక్కడ తబస్సుమ్ ఇరుగుపొరుగువాళ్లు పోలీసు కాగితమంటే ముట్టుకోవడం లేదట. గురువారం పొద్దున హాజిరా బీ చెప్పులు వేసుకుంది. "ఒక్కపూట పని," అని కొడుకుతో చెప్పి మనవరాలితో బస్సెక్కింది. మధ్యాహ్నానికి అక్కడ కూడా ముగ్గురితో సంతకాలు పెట్టించింది. జోయా శుక్రవారం ఇల్లు చేరింది. పోలీసు కాగితం శనివారం పొద్దున చేతికొచ్చింది. గడువు సగం పూట ఉందనగా ఆమె అన్నీ ఎక్కించింది. జనవరిలో వీసా వచ్చింది.

హాజిరా బీ మాత్రం ఆ గురువారం భూపాలపల్లి ఠాణా బెంచీ మీద కూర్చొని ఉండగానే, పక్కనున్న ఒకామె తన పింఛను ఫారం చదివి పెట్టమంది. తర్వాత ఇంకొకామె పట్టాదారు పాస్‌బుక్కు తెచ్చింది. కాటారం నుంచి ఒకాయన కోర్టు నోటీసు తెచ్చాడు. నాలుగో రోజుకల్లా పొద్దున పది నుంచి ఒంటి గంట దాకా తబస్సుమ్ ఇంటి వరండాలో జనం ఉండసాగారు. వచ్చే వారం వస్తానని ఆమె కొడుక్కు ఫోన్ చేసింది. ఆ తర్వాతి వారం కూడా అదే చెప్పింది.

ఫిబ్రవరిలో జోయా విమానం ఎక్కే ముందు సెలవు తీసుకోవడానికి భూపాలపల్లి పోవలసి వచ్చింది. జనగామలో గల్లీ నుంచి ఎవరూ సాగనంపలేదు. "ఈసారన్న నాలుగు నెలలు ఉండు బిడ్డా," అని గట్టమ్మ మాత్రం గడపలోంచి అంది. తబస్సుమ్ ఇంటి వరండాలో ఎనిమిది మంది కూర్చొని ఉన్నారు. హాజిరా బీ కళ్లజోడు తీసి మనవరాలి తల నిమిరింది. "పోయి రా," అంది. వెంటనే మళ్లీ కళ్లజోడు పెట్టుకొని తర్వాతి కాగితం అందుకుంది.

జోయా ఏడాది నిండగానే చెప్పిన తేదీకి తిరిగి వచ్చింది. 2024 డిసెంబరు అయిదో తేదీ గురువారం ఒక్కపూట పనికని పోయిన హాజిరా బీ ఇంకా తిరిగి రాలేదు.