తాడు లోపలి సామి

ఆ ఆదివారం వెంకటరామయ్య వేసుకున్న పథకం చిన్నదే. ఆళ్లగడ్డలో కిరాణా అంగడికి తాళం వేసి, భార్య కన్యకమ్మతో నంద్యాల దారిలోని కొండగుహకు పోవాలి. అక్కడి తవ్వకాల్లో పనిచేస్తున్న కూతురు వాసవికి చిత్రాన్నం ఇచ్చి మధ్యాహ్నానికి తిరిగొచ్చేయాలి.

గుహలో వాసవికి ఆదిమానవుడి పన్ను కనబడింది. ఇంకా సగం మట్టిలోనే ఉంది. ఈ ఏటి తవ్వకాలకు అదే ఆఖరి రోజు. దాన్ని సాయంత్రంలోగా పగలకుండా తీయకపోతే పిల్ల రెండేళ్ల శ్రమ గంగపాలే. గుంట చుట్టూ తాడూ, "లోనికి రాకూడదు" అనే బోర్డూ ఉన్నాయి. వారం రోజులుగా మేకల కాపరి ఆ తాడు మీదే తువ్వాలు ఆరేస్తున్నాడు.

"నాయనా, ఏమీ తాకొద్దు. అమ్మను కూడా చూసుకో" అంది వాసవి.

వెంకటరామయ్య బుద్ధిగా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఈలోగా కన్యకమ్మ గుహ ముందరి రాయికి పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టేసింది. బిడ్డ ఇంత పెద్ద పని ఉత్త చేతులతో మొదలుపెడితే ఎట్లా మరి!

అహోబిలం నుంచి బెలుం గుహలకు పోతున్న యాత్రికుల జీపు టెంకాయ చిప్పలు చూసి ఆగింది.

"ఈడ ఏ సామి ఉండాడప్పా?" అని మణెమ్మ అనే పెద్దావిడ అడిగింది.

త్రాసు దగ్గర తప్ప ఎక్కడా అబద్ధమాడని మనిషి వెంకటరామయ్య. "సామి కాదమ్మా, మనందరికీ తాతల తాత. వేల ఏండ్లుగా మట్టిలో ఉండాడు. మా పాప ఇప్పుడే బయటికి తీస్తాంది" అన్నాడు.

"స్వయంభువా!" అని మణెమ్మ చెంపలు వాయించుకుంది. జీపు ఖాళీ అయింది. వెనకే ఇంకో జీపు, దాని వెనక బస్సు. గుంటలో కుంచె పట్టుకుని కూర్చున్న వాసవిని "తీర్థం ఇయ్యి తల్లీ" అని చేతులు చాపి అడిగారు.

"ఏం చెప్పినావు నాయనా!" వాసవికి ఏడుపొచ్చేసింది. ఎవరో తాడు మీదుగా కాలు వేయగానే గుంట అంచున మట్టి జారింది. వెంకటరామయ్య అడ్డంగా చేతులు చాపాడు. "ఇది గుడి కాదప్పా, వెనక్కి పోండి!" అని అరిచాడు. వినే నాథుడే లేడు.

అప్పుడు కన్యకమ్మ కొంగు బిగించింది.

"తాడు దాటితే సామికి మైల! చెప్పులు ఆడ ఇడిసి, బయట్నుంచే ప్రదక్షిణ చేయండి!"

కాలు వెనక్కి పోయింది. జనం గోవిందా అంటూ తాడు వెంబడే తిరిగారు. మేకల కాపరి కూడా తువ్వాలు తీసి లెంపలేసుకున్నాడు.

సాయంత్రానికి పన్ను చెక్కుచెదరకుండా దూది పెట్టెలోకి చేరింది. నంద్యాల నుంచి తిరిగొచ్చిన తవ్వకాల అధికారి ప్రసన్న, కుంకుమ చూసి కళ్లెర్రజేసింది. తాడు లోపల వాసవి అడుగులు కాక ఒకే ఒక్క పాదముద్ర ఉండడం చూశాక, బోర్డు తనే పీకి పక్కన పడేసింది.

మరుసటి ఏడాది తవ్వకాల సామగ్రి పట్టీలో కుంచెలు, దూది, తాడు తర్వాత బోర్డు అనే మాట కొట్టేసి, అరకిలో కుంకుమ అని రాశారు.