మన్సూరాబాద్ గోడ మీద నాలుగు మచ్చలు

"ప్రపంచంల నేరస్థులు రెండే రకాలు ప్రసన్నన్నా. యోగేందర్‌కు దొరికినోళ్లు, యోగేందర్‌కు దొరకబోయెటోళ్లు."

ఈ మాట అన్నది సాక్షాత్తూ యోగేందరే. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో అతనికో జిరాక్స్ షాపుంది. బోర్డు మీద జిరాక్స్, లామినేషన్, స్పైరల్ బైండింగ్ అని పెయింటర్ చేత రాయించి, అడుగున మిగిలిన జానెడు జాగాలో 'నేర పరిశోధన' అని తానే బ్రష్షు పెట్టి రాసుకున్నాడు. ఇప్పటికి రెండు కేసులు పరిష్కరించాడు. మొదటిది గుడి ముందు పోయిన తన చెప్పుల కేసు. మూడు రోజులు మాటు వేసి ఆ చెప్పులు తొడుక్కున్న మనిషిని నలుగురిలో నిలదీశాడు. యోగేందర్ చెప్పులు అప్పటికి తనింట్లో మంచం కిందే క్షేమంగా ఉన్నాయి. రెండో కేసు గురించి అతని ముందు ఎత్తకపోవడం మర్యాద.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్నవాడు ప్రసన్నకుమార్. బ్యాంకు పరీక్షల పిల్లలకు రీజనింగ్ చెబుతాడు. తెనాలి దగ్గర్నుంచి వచ్చి పద్నాలుగేళ్లయింది. మన్సూరాబాద్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. అది రెండువేల పదకొండు, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బస్సుల్లేవు, బళ్లు లేవు, కోచింగ్ లేదు, కరెంటు వచ్చినప్పుడు వచ్చినట్టు. తర్కం చెప్పుకు బతికే మనిషి యోగేందర్ దగ్గరికి వచ్చాడంటే పరిస్థితి ఎంత దిగజారిందో మీరే ఊహించుకోండి.

"మొదటి నుంచి చెప్పన్నా. చిన్న విషయం గూడ దాచకు. చిన్న విషయాలల్లనే పెద్ద పెద్ద ముఠాలు దాక్కుంటయ్."

ప్రసన్నకుమార్ గొంతు తగ్గించాడు. "మా ఇంటికీ పోచయ్య గారింటికీ మధ్య సందుంది కదా. కరెంటొచ్చిందని అటుమొన్న మోటారు వేయడానికి వెళ్లాను. మా గోడ మీద చదరంగా ఒక మచ్చ. జానెడుంటుంది. మర్నాటికి రెండోది. నిన్న మూడోది. లైన్లో మిగతా ఏ ఇంటికీ లేవు యోగేందర్, తిరిగి చూశాను. మాకొక్కళ్లకే."

"ఏం రంగు?"

"అదే అర్థం కావట్లేదు. బూడిద రంగనబోతే గోధుమలా ఉంది. గోధుమ అనుకుంటే బూడిదలా ఉంది. మూడూ ఒకటే రంగు."

అసలు మాట ఇంకా గొంతులోనే ఉంది. సమ్మెకు ముందు స్టాఫ్‌రూములో ఎవరో అన్నారు, మన ఆంధ్రావాళ్ల ఇళ్లకు గుర్తులు పెడుతున్నారట అని. ఎక్కడ, ఎవరు చూశారు అంటే చెప్పినవాడికే తెలియదు. ఆ రోజు అందరికంటే పెద్దగా నవ్వింది ప్రసన్నకుమారే. ఇప్పుడు రాత్రిళ్లు నిద్ర లేదు. విజయవాడలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి అద్దె ఇళ్లేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఇంద్రాణికి ఈ సంగతి చెప్పలేదు. ఎండాకాలంలో ఆవిడ ఇంటికి రంగులేయిద్దామంటే, ఏదో ఒకటి తేలనీ, అప్పుడు చూద్దాం అన్నాడు. ఉంటామో లేదో తెలియని ఇంటికి రంగెందుకని అతని బాధ. ఆవిడతో అంత మాట అనలేక నెల కూడా మంచిది కాదన్నాడు.

"మమ్మల్ని వెళ్లిపొమ్మంటున్నారేమోనని భయంగా ఉంది," అన్నాడు చివరికి.

యోగేందర్ లేచి షర్టు గుండీ పెట్టుకున్నాడు. "నా దోస్తును పొమ్మనెటోడు ఈ గ్రేటర్ హైదరాబాద్‌ల పుట్టలే. పుట్టినా, సాయంత్రం దాంక ఉండడు. నడువ్."

సందులోకి వచ్చి యోగేందర్ భూతద్దం తీశాడు. గోడను చూశాడు, గోడకున్న చీమను చూశాడు, చీమ వెంట పోచయ్య గోడ దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. మచ్చల కింద పెన్సిలుతో ఏవో గీతలున్నాయి. ఉ, మ, సా అని మూడక్షరాలు, పక్కన ఇంటూ మార్కులు.

"ఉప్పల్, మలక్‌పేట, సాగర్ రింగ్ రోడ్," అన్నాడు యోగేందర్ పళ్లు బిగించి. "ముఠాకు మూడు స్థావరాలున్నయ్."

"ఎవరైనా రంగులు పూసి చూసుకుంటున్నారేమో కదా?" అన్నాడు ప్రసన్నకుమార్. ఎంతైనా రీజనింగ్ మాస్టారు.

యోగేందర్ జాలిగా నవ్వాడు. "అన్నా, రంగు చూసుకునెటోడు నీలమొకటి, పచ్చదొకటి, ఎర్రదొకటి ఏస్తడు. ఒకటే రంగును మూడుసార్లు ఏసి, ఏది మంచిగుందని చూసెటోడు ఈ భూమ్మీద ఉంటడా?"

ఈ తర్కానికి రీజనింగ్ మాస్టారి దగ్గర జవాబు లేకపోయింది. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా లేకపోయింది.

"కింద చూడు," అన్నాడు యోగేందర్. తడి మట్టిలో నాలుగు చిన్న గుంటలున్నాయి. "నాలుగు పాదాలు. అంటే ఇద్దరు మనుషులు. గుండ్రంగ ఉన్నయంటే కట్టెకాళ్ల మీద నడిచొచ్చిండ్రు."

"స్టూలేసుకున్నారేమో."

"గట్ల నువ్వు అనుకోవాలెననే వాళ్ల ప్లాన్."

సెల్‌ఫోనుతో మచ్చలకు ఫొటోలు తీసుకుని షాపుకు పోయాడు. కాసేపటికి కరెంటొస్తే నలుపు తెలుపు ప్రింటర్‌లో వాటిని ప్రింటు తీశాడు. కాగితం మీద మూడూ ఒకేలా నల్లగా వచ్చాయి. "చూసినవా," అని ఫోన్లో ఊపిరి బిగబట్టి చెప్పాడు, "ఒక్కటే చెయ్యి. ఒక్కటే మెదడు."

అనుమానితుడు దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు, ఆ సందులోకి తలుపున్న రెండో ఇల్లు ఒకటే. పోచయ్యది బడంగ్‌పేట్ పక్క పల్లె. కొడుకు ఉద్యోగం బెంగుళూరులో, కోడలు వాణి, ఆయన ఇక్కడ. సమ్మె మొదలైన దగ్గర్నుంచి పొద్దున్నే సద్ది కట్టుకుని ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ధర్నాకు కూర్చుంటాడు, మధ్యాహ్నానికి తిరిగి వస్తాడు. ప్రసన్నకుమార్ పాపకు డెంగీ వచ్చినప్పుడు దవాఖానలో రెండు రాత్రులు కుర్చీలో కూర్చున్న మనిషి కూడా ఆయనే. అందుకే పోచయ్య పేరు వినగానే ప్రసన్నకుమార్ తల అడ్డంగా ఊపాడు.

"ఆయన కాదు యోగేందర్. ఆయన అలాంటివాడు కాదు."

"గట్ల కనవడనోళ్లే చేస్తరన్నా. నేను మారువేషంల పోయి చూస్త."

యోగేందర్ ఉద్యమం మొదలైన నాటి నుంచి గులాబీ కండువా లేకుండా గడప దాటిన వాడు కాదు. కాబట్టి మారువేషం అంటే కండువా తీసేయడమే. కండువా లేకుండా చౌరస్తాలో టెంటు కింద కూర్చోగానే చుట్టూ ఉన్న పాతికమందీ, "యోగేందరన్నా, కండువ ఏది? పాణం బాగలేదా?" అని పరామర్శించారు. ఎవరో తన కండువా తీసి మెడలో వేసి మైకు చేతికిచ్చారు. మైకు దొరికిన యోగేందర్ నలభై నిమిషాలు మాట్లాడాడు. దిగి చూసేసరికి పోచయ్య ఇంటికి పోయి అరగంటయింది. అయితే ఒక సాక్ష్యం మాత్రం సంపాదించాడు. పోచయ్య పంచె అంచుకు రూపాయంత మరక. అదే రంగు.

ప్రసన్నకుమార్ ఆ రాత్రి అన్నం కెలికి లేచాడు. ఏమైందని ఇంద్రాణి అడిగితే ఎండ దెబ్బన్నాడు. ఆవిడా ఏదో చెప్పబోయి, నీళ్ల బిందె నింపుకోవాలని లేచిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు యోగేందర్ అందరినీ సందులో నిలబెట్టాడు. అప్పుడే ధర్నా నుంచి వచ్చిన పోచయ్య, చెయ్యి కొంగు కింద పెట్టుకున్న వాణి, వంటింట్లోంచి గరిటెతోనే వచ్చిన ఇంద్రాణి, తల వంచుకున్న ప్రసన్నకుమార్. పొద్దున లేని నాలుగో మచ్చ గోడ మీద వెలిసింది. దాని కింద ఇంకా అక్షరాలేవీ లేవు.

"మీలో ఒకరు నేరస్థులు," అని యోగేందర్ సందులో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. సందు చిన్నది, మూడడుగులకు అయిపోయింది. మళ్లీ తిరిగి వచ్చాడు. "పద్నాలుగేండ్ల సంది ఈ గల్లీల ఉంటున్న ఒక ఇంటికి గుర్తులు వెట్టి, భయపెట్టి, ఎళ్లగొట్టాలని చూస్తున్నరు. పెద్దమనిషీ, నీ పంచెకు గా మరక ఎక్కడిది?"

పోచయ్య పంచె అంచు చూసుకున్నాడు. ఒక్కసారి ఇంద్రాణి వైపు చూశాడు. అంచు లోపలికి మడుచుకున్నాడు.

"గుర్తులా?" అంది ఇంద్రాణి. ఆవిడ ముఖం పాలిపోయింది. "ఏం గుర్తులు? ఎళ్లగొట్టడమేంటండీ?"

"నువ్వాగు ఇంద్రాణీ," అన్నాడు ప్రసన్నకుమార్. "పోచయ్య గారూ, మీరు కాదని ఒక్కమాట చెప్పండి. నాకు చాలు."

"చెప్పనీకె లేదు సారు," అన్నాడు పోచయ్య. "ఒకరికి మాటిచ్చిన."

యోగేందర్ కళ్లు మెరిశాయి. ఇంతకాలం ఏ డిటెక్టివ్‌కూ ఇంత అందమైన జవాబు దొరికి ఉండదు. "మౌనం అర్ధాంగీకారం. మాటియ్యడం పూర్తి అంగీకారం. ముఠా నాయకుని పేరు నేను చెప్పనా, నువ్వు చెప్తవా?" అంటూ చేతులు కట్టుకుని, వెనక్కి ఒకడుగు వేసి, ధీమాగా గోడకు ఆనుకున్నాడు.

ఆనుకున్నది నాలుగో మచ్చకు. అది వేసి గంటన్నా కాలేదు. వీపు చల్లగా తగలగానే ఉలిక్కిపడి గిర్రున తిరిగాడు. తెల్లచొక్కా వీపున జానెడు చదరం, సందులోకి దిగిన మధ్యాహ్నపు ఎండలో నిలబడింది.

"ఇదే," అంది ఇంద్రాణి. గరిటెతో ఆ వీపును చూపిస్తోంది. "వాణీ, ఇదే. గోడ మీద తెలియలేదు గానీ ఎండలో చూడు, ఎంత వెచ్చగా ఉందో. మూడోది చప్పగా ఉంది, ఇది సరిపోయింది. అన్నగారూ, కొంచెం ఇటు తిరగండి."

యోగేందర్ తిరిగాడు. వాణి కొంగు కింద నుంచి తడి బ్రష్షు బయటికి వచ్చింది.

"నేను ముందే అన్నగదక్కా నాలుగోదని," అంది వాణి.

ఇంద్రాణికి తానేం చేసిందో అప్పుడు తెలిసింది. గరిటె దించి, మొగుడి ముఖంలోకి చూడకుండా గోడతో చెప్పినట్టు చెప్పింది. "మీరు ఏదో ఒకటి తేలనీ అన్నారు. రాష్ట్రం ఎప్పుడు తేలుతుందో నాకు తెలీదు. పెచ్చులూడిపోతున్న ఇంట్లో నాకు ఊపిరాడటం లేదండీ. షాపువాడు సగం షటరెత్తి నాలుగు చిన్న డబ్బాలు ఇచ్చాడు. వాణి పూసేది, పోచయ్య గారు స్టూలు పట్టుకునేవారు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఎలా కనబడుతోందో రాసుకుని, నచ్చకపోతే ఇంటూ పెడుతున్నాను."

పద్దెనిమిదేళ్లుగా ఆవిడ రాసిన సరుకుల చీటీ జేబులో పెట్టుకు తిరుగుతున్న మనిషికి ఆ 'ఉ', 'మ', 'సా' ఎవరి చేతిరాతో తట్టలేదు. ప్రసన్నకుమార్‌కు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది గానీ రంగు తడిగా ఉంది.

"కానీ నాలుగూ ఒకటే రంగు కదే?"

"ఒకటే రంగా?" అంది ఇంద్రాణి, ఇప్పుడు నిజంగా కోపం వచ్చి. "మొదటి దాంట్లో ఊదా ఉంది. రెండోది సిమెంటులా ఉంది. గులాబీ వేస్తే భయపడి వేశారంటారు. పసుపు వేస్తే పొగరంటారు. నీలానికీ, ఆకుపచ్చకీ, ఎరుపుకీ, కాషాయానికీ దేని జెండా దానికుంది. ఏ జెండాలోనూ లేని రంగు ఇదొక్కటే దొరికింది. టోప్ అన్నాడు షాపువాడు."

"కాల్చని కుండ రంగు," అన్నాడు పోచయ్య మెల్లగా. "మంచిగనే ఉంది."

తర్వాత ఆయన ప్రసన్నకుమార్ వైపు తిరిగాడు. "సారూ. నా మీద అనుమానం వడ్డవా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "పడ్డాను," అన్నాడు ప్రసన్నకుమార్.

"తెలంగాణ గావాలంటున్న. పొద్దుగాలనే పోయి రోడ్డు మీద గూసుంటున్న. రేపు గూడ గూసుంట. గది నా రాష్ట్రం కోసం సారు. నీ ఇంటి మీద నాకేం పగ?" అని, జవాబు కోసం ఆగకుండా ఇంట్లోకి వెళ్లిపోయాడు.

తలుపు చప్పుడుకు ప్రసన్నకుమార్ తలెత్తాడు. ఇన్నాళ్లూ ఎవరో తనను పొమ్మంటున్నారని భయపడ్డాడు. తీరా పొమ్మన్నంత పని చేసింది తనే, అదీ ఆ మనిషిని.

"నేను కావాల్ననే ఆనుకున్న," అన్నాడు యోగేందర్ చొక్కా విప్పి వీపు భాగాన్ని ఆప్యాయంగా చూసుకుంటూ. "నేరస్థుల నోట నిజం రాబట్టనీకె గిదొక పద్ధతి. మూడో కేసు, క్లోజ్."

ఎవరూ అతని మాట పట్టించుకోలేదు. తలుపు మళ్లీ తెరుచుకుంది. పోచయ్య చేతిలో గోడ గీకే రేకు ఉంది.

"మా గోడకు గూడ గా రంగే ఎయ్యాలె," అన్నాడు. "సందుకు రెండు దిక్కుల ఒకటే రంగుండాలె. గప్పుడు ఎవడన్న వచ్చి ఇది గుర్తు అంటే, ఎవలింటికి వెట్టిండ్రో ఆడే తేల్చుకోవాలె." రేకు ప్రసన్నకుమార్ చేతిలో పెట్టాడు. "ముందుగాల పాత సున్నం పోవాలె. గీకు."

ప్రసన్నకుమార్ క్షమించమని అడగబోయి మానుకున్నాడు. రేకు తీసుకుని పోచయ్య గోడ ముందు గొంతుక్కూర్చున్నాడు. పది నిమిషాలు గీకాడు. సున్నం కళ్లలో పడింది, చొక్కాలో పడింది, గోడకు మాత్రం గీతలు పడ్డాయి.

వెనక నిలబడి చూస్తున్న పోచయ్య ఇక ఉండబట్టలేకపోయాడు.

"అడ్డం వట్టుకుంటవేంది సారు? పద్నాలుగేండ్లాయె, గోడ గీకుడు రాదు. ఈడనే ఉండెటోనివి, ఇంకెప్పుడు నేర్చుకుంటవ్?"

ప్రసన్నకుమార్ రేకు తిప్పి నిలువుగా పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు సున్నం వల్లే అన్నట్టు మోచేత్తో తుడుచుకున్నాడు.

"నేర్చుకుంటానండీ," అన్నాడు.