పూలన్నీ ఒకే ఇంటికి

ఆ రోజు ఇంటినుంచే పనిచేస్తానని మేనేజరుకు చెప్పి, మధ్యాహ్నం ఓ కునుకు తీయాలని పథకం వేసుకున్నాడతను. పూలగుత్తులు ఇంటింటికీ చేరవేసే కంపెనీలో ప్రోగ్రామరు. ఎవరేం చెప్పినా నమ్మడు గనక ఆఫీసులో డిటెక్టివు అంటారు. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడానికి ఆ గుణం బాగానే పనికొచ్చేది. ఇంట్లో మాత్రం, బల్లమీద గ్లాసు జానెడు జరిగినా ఎవరొచ్చి వెళ్లారని అడిగేవాడు. భార్య కట్టుకున్న పాపానికి భరిస్తోంది.

టిఫిను కాగానే బెల్లు మోగింది. డెలివరీ మనిషి ఎర్రగులాబీల గుత్తి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. కార్డుమీద "నువ్వు లేక నేను లేను" అని ఉంది. పంపినవాడి పేరు లేదు. పైగా తమ కంపెనీ పూలే! ఎంత ధైర్యం వెధవకి, నా కంపెనీ ద్వారానే నా ఇంటికి పంపుతాడా అని అతనికి ఒళ్లు మండిపోయింది. భార్యను అడిగితే తనకేం తెలుసునంది. అంటూనే గులాబీలను నీళ్లజగ్గులో పెట్టింది. అంత జాగ్రత్తగా పెట్టడమేమిటి? నిప్పు లేనిదే పొగ రాదు.

అంతలో తెల్ల లిల్లీలు వచ్చాయి. "నిన్న కోపంలో ఏదో అనేశాను, క్షమించు" అని రాసుంది. అయితే నిన్న కలుసుకున్నారన్నమాట! నిన్నంతా ఎక్కడున్నావని నిలదీశాడు. పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది మీరే కదా అందామె. ఆ లెక్కన పళ్ల డాక్టరు మీద కూడా ఓ కన్నేసి ఉంచాలనుకున్నాడు.

మూడోసారి తలుపంత పూలచక్రం వచ్చింది. "మీ ఆత్మకు శాంతి కలగాలి."

కూతుర్ని చూడటానికొచ్చిన అత్తగారు కళ్లజోడు సవరించుకుని నిదానంగా చదివింది. "అల్లుడుగారూ, ఇది మాత్రం మీకే అయుంటుంది."

అతనికి ముచ్చెమటలు పోశాయి. అడ్డు తొలగించుకోవడానికి ముహూర్తం కూడా పెట్టేశారా? ఇక ఆగలేక భార్య ఎదుట నిలబడి అడిగేశాడు. "నిజం చెప్పు. ఎవడు వాడు?"

ఆమె లోపలికెళ్లి బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది. సాయంత్రం అమ్మతోపాటు తనూ వెళ్లిపోతానంది. అతనికి మాత్రం పంపినవాణ్ణి పట్టుకుంటే తప్ప మనసు కుదుటపడేలా లేదు. కంప్యూటరు తెరిచి ఆర్డర్లు చూశాడు. పంపినవాళ్లు వేరువేరు మనుషులు. చేరవలసిన అడ్రసు మాత్రం అన్నిటికీ తన ఇల్లే. ఒకడు కాదు, ముఠా!

సరిగ్గా అప్పుడే మేనేజరు ఫోను చేశాడు. ఉదయంనుంచి ఎవరికీ పూలు చేరలేదట, శవం దగ్గర జనం పూలచక్రం కోసం ఎదురుచూస్తున్నారట.

అప్పుడు వెలిగింది డిటెక్టివుకి. ఆర్డరంటే డబ్బాలో డబ్బా. ఆర్డరు లోపల గ్రహీత, గ్రహీత లోపల అడ్రసు. మధ్యలో ఒక డబ్బా లేకపోతే ప్రోగ్రాము కుప్పకూలుతుంది. అలా కూలకుండా అతనో చిన్న జావాస్క్రిప్టు లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము ముక్క, వాడాడు. దారి చెబితే అది ఒక్కో డబ్బా తెరుచుకుంటూ వెళ్లి కావలసింది తెస్తుంది. దొరక్కపోతే గొడవ చేయకుండా, మనం ముందే చెప్పి ఉంచినదాన్ని చేతిలో పెడుతుంది. పరీక్షించే రోజుల్లో అతను చెప్పి ఉంచింది సొంత ఇంటి అడ్రసు. తర్వాత తీయడం మరిచాడు. నిన్న సాయంత్రం తోటి ఉద్యోగిని ఒకామె, అడ్రసును 'డెలివరీ' అనే కొత్త డబ్బాలోకి మార్చానని చెబితే, చెవుల్లో పాట పెట్టుకుని తలూపాడు. పాత దారిన వెళ్లిన లైబ్రరీకి అడ్రసు దొరకలేదు. పూలన్నిటినీ బుద్ధిగా ఇతని గుమ్మంలో దింపింది.

దారి సరిచేశాడు. మేనేజరు చీవాట్లన్నీ పెట్టి, ఇకమీదట అడ్రసు దొరక్కపోతే తన ఇంటికే రానిమ్మన్నాడు, కనీసం తప్పు తనకు తెలుస్తుందని. అదీ మార్చాడు. తర్వాత తేలుకుట్టిన దొంగలా భార్య దగ్గరికెళ్లి, జరిగిందంతా చెప్పాడు.

ఆమె సంచి జిప్పు లాగింది. "ఇన్ని పూలొచ్చినా, మీరు పంపారేమోనని ఒక్కసారి కూడా అనిపించలేదండీ నాకు."

ఆ మాట సూటిగా తగిలింది. పెళ్లయ్యాక ఆమెకు ఒక్క పువ్వయినా పంపలేదు తను. వెంటనే కూర్చుని అన్నిటికంటే పెద్ద గుత్తి ఆర్డరు చేశాడు. "నీ మీద అనుమానపడ్డాను, సిగ్గుగా ఉంది. నువ్వు లేక నేను లేను" అని రాశాడు. ఆశ్చర్యపడాలని పేరు పెట్టలేదు. అడ్రసు గడి ఎప్పటిలాగే ఖాళీగా వదిలేశాడు. పరీక్షలకు ఏ ఆర్డరు పెట్టినా ఇంటికే వచ్చేది కదా, దాన్ని నింపే అలవాటే లేదతనికి.

సాయంత్రమైంది. సంచి గుమ్మం దగ్గరుంది, అత్తగారు చెప్పులు వేసుకుంది, పూలు మాత్రం రాలేదు. ఫోను మోగింది. మేనేజరు గొంతు తగ్గించి మాట్లాడటంతో, అతను వినపడేలా స్పీకరు పెట్టాడు.

"ఏమయ్యా డిటెక్టివూ, ఎవడో మా ఇంటికి ఇంత పూలగుత్తి పంపాడు. నా మీద అనుమానపడ్డాడట, నేను లేక వాడు లేడట. మా ఆవిడ ఎదురుగా కూర్చుని చూస్తోంది. ఎవడో కనిపెట్టవయ్యా, నీకు పుణ్యముంటుంది."

భార్య ముందు విస్తుపోయింది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వు ఆపుకోలేక సంచి మీదే కూలబడింది. అత్తగారు చెప్పులు విప్పేసింది.

డిటెక్టివు జీవితంలో అంత తొందరగా దొంగ దొరికిన కేసు మరొకటి లేదు.