కేంద్ర జ్వరం, రాష్ట్ర జ్వరం

చదివేవారు ముందుగా నన్ను క్షమించాలి. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. అందుకని ఒత్తులు ఒక్కోసారి పక్క అక్షరం కిందికి జారిపోతాయి, వాక్యం ఆగి ఆగి నడుస్తుంది. అయితే నేను చెప్పబోయేది శాసనసభలో జరిగిన పని గురించి కాబట్టి, ఆ నడక ముందు నాది మెయిలు బండే.

మా ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో జబ్బు పడే అర్హత రైల్వే ఉద్యోగులకీ, వాళ్ళ పెళ్ళాం బిడ్డలకీ మాత్రమే ఉండేది. వాళ్ళకి కార్డు ఉంది, ఆసుపత్రి ఉంది. మొగుళ్ళు పోయినవాళ్ళం, రోజు కూలీలం, కొట్లలో పనిచేసేవాళ్ళం ఏ అర్హతా లేకుండానే జబ్బు పడుతూ ఉండేవాళ్ళం. ఈ అక్రమం చూడలేక, ఆయా పని చేసి మానేసిన కృపమ్మ ఒక పథకం పెట్టింది. ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పొయ్యబోయే ముందు గుప్పెడు తీసి పక్కన పెట్టాలి. ఆ గుప్పెళ్ళన్నీ ఆదివారం కృపమ్మ ఇంటి డ్రమ్ములో పడాలి. ఎవరికి జబ్బు చేస్తే వారికి ఆ బియ్యం అమ్మి వైద్యం. పెట్టినవాళ్ళకి అది హక్కు, దానం కాదు.

మొదటి వంతు చిలకమ్మదని అందరూ ఒప్పుకున్నారు. చిలకమ్మ పట్టాల అవతల, రైల్వే హద్దు దాటాక ఉన్న ఇందా పేట బజారులో ఒక కొట్లో బియ్యంలో రాళ్ళు ఏరి బతికేది. ఆమెకి రెండు కళ్ళలోనూ పొరలు కమ్మాయి. వెంటనే ఆపరేషను చేయిస్తే చూపు వస్తుందనీ, జాగు చేస్తే కళ్ళే పోతాయనీ మిద్నాపూర్ డాక్టరు చెప్పాడు. డ్రమ్ము నిండవచ్చింది.

ఇంత చిన్న పనికి శాసనసభ ఎందుకంటారా? అదే మా అదృష్టం. మా సభ్యులు మైతీబాబు గారు కేవలం ప్రజల మీద ప్రేమతో, ఎన్నికలు దగ్గర పడిన రోజుల్లో మా వాడకి వచ్చారు. డ్రమ్ము చూశారు. కళ్ళు తుడుచుకున్నారు. "దీదీ, దీనికి సర్కారు మద్దతు లేకపోవడం బెంగాలుకే సిగ్గు!" అని కలకత్తా వెళ్ళి సభలో తీర్మానం పెట్టారు. యూనియన్‌లో తిరిగే మా గణపతిరావు గ్యాలరీలో కూర్చుని, విన్నదంతా మాకు మోసుకొచ్చేవాడు.

బియ్యం కాబట్టి ఇది ఆహారశాఖ పని అని ఆరోగ్యమంత్రి సెలవిచ్చారు. జబ్బు కాబట్టి ఆరోగ్యశాఖ పని అని ఆహారమంత్రి సెలవిచ్చారు. బియ్యానికి రేషను ఉన్న రోజుల్లో ఒక ఆడమనిషి ఇంట్లో డ్రమ్ముడు బియ్యం ఉంటే దానిని దొంగ నిల్వ అంటారని ఒక మేధావి గుర్తు చేశారు. చర్చ తేలేవరకు డ్రమ్ముని భద్రపరచాలని సభ ఆదేశించింది. ఇన్‌స్పెక్టరు వచ్చి డ్రమ్ముకి లక్కతో సీలు వేసి, సాక్షిగా చిలకమ్మ చేతనే వేలిముద్ర వేయించుకున్నాడు.

"ఏటి గణపతిరావు బాబూ, నా కళ్ళకి కూడా సీలేసీసినారేటి?" అంది చిలకమ్మ.

"అదేటి పిన్నీ, మద్దతిత్తారు. మద్దతుకి ముందల సర్చ ఉంటది గదా!"

"అయితే సర్చ అయ్యేవరకూ ముదరొద్దని ఈ పొరకి నువ్వే సెప్పు. నా మాట ఇనడం నేదు."

రెండో విడత చర్చ మరింత లోతుగా సాగింది. మా ట్రాఫిక్ కాలనీ రైల్వే భూమి, రైల్వే కేంద్రానిది. కనుక అక్కడ వచ్చిన జ్వరం కేంద్ర జ్వరమనీ, ఇందాలో వచ్చింది రాష్ట్ర జ్వరమనీ, కేంద్ర జ్వరానికి రాష్ట్రం మద్దతివ్వడం రాజ్యాంగ విరుద్ధమనీ ఒక వకీలు సభ్యుడు వాదించారు. ఇందా కాలవలో పుట్టిన దోమ పట్టాలు దాటి ట్రాఫిక్‌లో కుడితే ఆ జ్వరం ఎవరిదని ప్రతిపక్షం నిలదీసింది. దోమల స్థానికత మీద ఒక ఉపసంఘం ఏర్పడింది. చిలకమ్మ పడుకునేది ట్రాఫిక్‌లో, పనిచేసేది ఇందాలో గనుక ఆమె కుడికన్ను కేంద్రానిది, ఎడమకన్ను రాష్ట్రానిది అని రాజీ కుదిరింది. ఏ కన్ను ముందు అన్నదే మిగిలింది.

ఆ తరువాత గుప్పెడు అంటే ఎవరి గుప్పెడు అన్న ప్రశ్న వచ్చింది. కొలత చూపడానికి సభ్యులందరూ పిడికిళ్ళు పైకెత్తారు. ఎత్తగానే అలవాటు కొద్దీ సగంమంది నినాదాలు అందుకున్నారు. సభ వాయిదా పడింది.

చివరికి సభ్యుల బృందం స్వయంగా తనిఖీకి వచ్చింది. దండలు వేశాం. ఉపన్యాసాలు ముగిసేసరికి మధ్యాహ్నం దాటింది. అంతమందికి భోజనం ఎక్కడిది? సభ వేసిన సీలు సభ్యులు తీయవచ్చని వకీలు సభ్యుడు తేల్చారు. డ్రమ్ము తెరిచారు. చిలకమ్మ ఉన్న చూపుతోనే రాళ్ళు ఏరింది. నేనే వండాను. మైతీబాబు గారు రెండో ముద్దలో పన్ను విరగ్గొట్టుకున్నారు. పథకం పరిధిలో జరిగిన అనారోగ్యం కాబట్టి, మిగిలిన బియ్యం అమ్మి పళ్ళ డాక్టరుకి ఇచ్చారు. పథకం సమర్థంగా పనిచేస్తోందని బృందం అక్కడికక్కడే నిర్ధారించింది.

"మరి మా సిలకమ్మ, బాబూ?" అని కృపమ్మ అడిగింది.

మైతీబాబు గారు దవడ పట్టుకునే జవాబిచ్చారు. "దీదీ, నొప్పి ఆగదు. చీకటి ఆగుతుంది."

కలకత్తా వెళ్ళి ఏకగ్రీవంగా తీర్మానించారు. మా పథకానికి సంపూర్ణ నైతిక మద్దతు. పేపర్లో కూడా పడింది.

ఆ ఆదివారం కృపమ్మ, చిలకమ్మ సంచీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. మొదటి గుమ్మంలోనే అప్పలకొండ ఆపేసింది.

"ఇంకా గుప్పెడేటే? సర్కారోల్లు మద్దతు ఇచ్చీసినారంట గదా. మళ్ళీ మమ్మల్ని పీకుతారేటి?"

"మద్దతిచ్చినారే గానీ బియ్యం ఇవ్వనేదే!" అంది కృపమ్మ.

"ఇత్తార్లే. అంతపెద్దోల్లు ఊరికే అంతారేటి?"

అన్ని గుమ్మాల్లోనూ అదే మాట. ఏనాడూ పేపరు ముట్టనివాళ్ళకి కూడా ఆ ఒక్క వార్త నోటికి వచ్చేసింది. వానలు వెళ్ళేసరికి చిలకమ్మ రెండు కళ్ళూ పోయాయి. కేంద్రానిది, రాష్ట్రానిది ఏకకాలంలో పోయాయి గనుక వివాదం కూడా తీరింది. కొట్టువాడు వేరే మనిషిని పెట్టుకున్నాడు.

ఇప్పుడు చిలకమ్మ మా ఊళ్ళోనే పూరీ గేటు అనే రైలు గేటు దగ్గర చెంగు పరుచుకుని కూర్చుంటుంది. గేటు పడినప్పుడు నిలబడ్డ ఆడవాళ్ళు సంచీలోంచి బియ్యం తీసి వేస్తారు. అప్పలకొండ కూడా వేస్తుంది, ఏకాదశినాడు రెండు గుప్పెళ్ళు వేస్తుంది. వేసి, "పాపం" అని లెంపలు వేసుకుంటుంది. ఎవరూ సర్కారు మాట ఎత్తరు.

మొన్న పక్కన కూర్చుంటే చిలకమ్మ నవ్వింది. "సూసినావా వదినా! కళ్ళున్నప్పుడు అడిగితే సట్టం సెప్పినారు. కళ్ళు పోయినాక పున్నెం అంతన్నారు. బియ్యం మాత్తరం ఆ బియ్యమే."

మీరు దయగలవారని నాకు తెలుసు. ఎప్పుడైనా ఇటు వస్తే మీరూ తప్పకుండా ఒక గుప్పెడు వేస్తారు.

నూకాలమ్మ, అరవై మూడేళ్ళు, పూరీ గేటు అవతల అద్దె గది, ఖరగ్‌పూర్.