డ్యూటీ తక్కువైన మనిషి

ఆ పొద్దు భీమన్న వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సైట్‌కు వెళ్లాలి, కాసేపు ఇనుప చువ్వలు కట్టాలి, ఎండదెబ్బ తగిలినట్టు పడిపోవాలి. ఆసుపత్రిలో సిస్టరమ్మ "ఈ మనిషిని నీడలో పెట్టండి" అందంటే, స్టోరులో లచ్చన్న కూర్చునే కుర్చీ తనదే. అందుకోసం ఒక పెద్ద ఉల్లిగడ్డను రెండు చెక్కలు చేసి చంకల్లో పెట్టుకున్నాడు. అట్లా చేస్తే ఒళ్లు కాగుతుందట. బడి మానేసేలోపు అతను నేర్చుకున్న చదువు అదొక్కటే.

ఇద్దరిదీ ఒకే ఊరు. బొంబాయిలో ఒకే ఓడ ఎక్కారు. గల్ఫ్‌లోని రుస్తాఖ్ చేరిన రోజు ఫోర్మన్ వజీర్ వాళ్లను పక్కపక్కన నిలబెట్టి, కుడివైపు వాణ్ణి స్టోరులోకి, ఎడమవైపు వాణ్ణి ఎండలోకి తోలాడు. భీమన్న ఎడమవైపు నిలబడ్డాడు. తేడా అంతే. ఆనాటి నుంచి లచ్చన్న రేకుల కింద, పంకా ముందర, ఇనుప కుర్చీలో కూర్చుని మేకులు అందిస్తున్నాడు. భీమన్న నెత్తి మీద గుడ్డ చుట్టుకుని పొయ్యి మీద పెనంలా మాడుతున్నాడు.

అదైనా ఓర్చుకునేవాడేమో. మొన్న సెలవు మీద ఊరికి వెళ్లిన ఇస్తారి, వీళ్లిద్దరూ కలిసి దిగిన ఫోటో పట్టుకుపోయి భీమన్న భార్య దేవవ్వకు చూపించాడు. తిరిగొచ్చి రూమ్‌లో అందరి ముందూ చెప్పాడు.

"మీ దేవవ్వ ఏమన్నదో ఎరుకేనా? 'లచ్చన్న మంచిగ దొర లెక్కున్నడు. పక్కన గా కాలిన కట్టె ఎవరు?' అన్నది."

రూమంతా నవ్వింది. లచ్చన్న నవ్వలేదు. "అన్న మొకం గూడ మంచిగనే పడ్డదిరా" అని సర్దబోయాడు. భీమన్న కడుపులో అదే ఎక్కువ మండింది.

అనుకున్నట్టే భీమన్న చువ్వల మధ్య చాప చుట్టలా పడ్డాడు. వజీర్ ఒక డబ్బా నీళ్లు కుమ్మరించి పికప్‌లో ఎక్కించాడు. స్టోరుకు తాళం పెట్టి లచ్చన్న కూడా కుంటుకుంటూ ఎక్కి, భీమన్న తలను ఒళ్లో పెట్టుకున్నాడు. గుంతలో బండి ఎగిరేసరికి ఒక ఉల్లిచెక్క జారి కిందపడింది.

"యే క్యా హై?" అన్నాడు వజీర్ వెనక్కి తిరిగి.

"అన్న సద్దిలకు తెచ్చుకున్నడు సాబ్. పాపం, తినకముందే పడిపోయిండు" అని లచ్చన్న కళ్లు తుడుచుకుని, దాన్ని జాగ్రత్తగా భీమన్న జేబులో పెట్టాడు.

ఆసుపత్రిలో సిస్టర్ మణికుమారి గుంటూరు వైపు మనిషి. భీమన్న నోట్లోంచి థర్మామీటరు తీసి చూసింది.

"జ్వరం లేదు గానీ బాబూ, ఉల్లిపాయ వాసన మాత్రం నూటమూడుంది. కాసేపు పడుకుని లేచి వెళ్లు."

భీమన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె తెర అవతలికి వెళ్లి లచ్చన్న కాళ్లు చూడసాగింది.

"కాళ్లు గుంజుతున్నయమ్మా. రాత్రి నిద్ర లేదు. ఏం చేయబుద్ధి కాదు."

"పొద్దస్తమానం రేకుల కిందేనా? ఎముకలకి ఎండ తగలాలయ్యా. నీకు డి తగ్గిపోయింది. మాత్రలిస్తాను. పొద్దుటెండలో కూర్చుంటూ ఉండు."

సరిగ్గా 'డి' దగ్గర పంకా గడగడమంది. 'డ'తో మొదలయ్యే ఇంగ్లీషు మాట భీమన్నకు ఒకటే వచ్చు. అతను మంచం మీంచి ఎగిరి దూకి, బయట బీడీ కాలుస్తున్న వజీర్ దగ్గరకు పరుగెత్తి, లచ్చన్నకు డ్యూటీ తక్కువైందని, ఎండలో కూర్చోబెట్టమన్నదని వచ్చీరాని హిందీలో చెప్పాడు.

"సాబ్! లచ్చన్నకా డ్యూటీ కమ్ హో గయా! ధూప్ మే బిఠావ్, సిస్టర్ బోలీ!"

"డ్యూటీ కమ్? మేరే సైట్ మే?" వజీర్ చేతిలో బీడీ జారిపోయింది. ఎండదెబ్బ తగిలినవాడు ఇంత చురుగ్గా ఎట్లా పరుగెత్తాడని అడగడం కూడా మరిచిపోయాడు.

మర్నాడు లచ్చన్న చువ్వల మీదికి, భీమన్న కుర్చీలోకి మారారు. లచ్చన్న ఏడుస్తాడని భీమన్న కిటికీ దగ్గర కాచుకుని కూర్చున్నాడు. లచ్చన్న వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"సిస్టరమ్మ చెప్పిన మందే ఫోర్మన్ ఇచ్చిండన్నా. నువ్వు చెప్పబట్టే గద! నీ కడుపు సల్లగుండ."

భీమన్న కడుపు చల్లబడలేదు. రోజులు గడిచేకొద్దీ లచ్చన్న కాళ్లు బాగుపడ్డాయి. పడుకుంటే గురక, లేస్తే పాట. భీమన్నకు కుర్చీ దొరికింది గానీ, ఆ కుర్చీని చూసి ఏడ్చేవాడు ఒక్కడూ దొరకలేదు. సిమెంటు దుమ్ములో ముఖం తెల్లబడింది, తిండి సయించలేదు. కిటికీలోంచి లచ్చన్న నవ్వులు వింటూ పళ్లు కొరికేవాడు. చలికాలం దాటేసరికి అతని కాళ్లూ గుంజడం మొదలుపెట్టాయి. ఒకరోజు కుర్చీలోంచి లేవలేకపోయాడు.

మళ్లీ పికప్, మళ్లీ లచ్చన్న ఒడి.

"ఇవాళ ఉల్లిపాయ తేలేదేం?" అంది మణికుమారి. కాళ్లు నొక్కి చూసింది. "నీక్కూడా డి తగ్గిపోయింది."

ఈసారి పంకా ఆగి ఉంది. "డి అంటే ఏందమ్మా?" అన్నాడు భీమన్న నీరసంగా.

"విటమిన్ అయ్యా. ఎండ తగిలితే ఒంట్లో పుట్టే బలం. ఏమనుకున్నావు?"

భీమన్న జవాబు చెప్పేలోపే బయట వజీర్ గొంతు వినిపించింది. "ఇస్కో క్యా హువా?"

లచ్చన్నకు హిందీ వింటే కొంత తెలుస్తుంది గానీ మాట్లాడడం రాదు. భీమన్న పుణ్యాన నేర్చిన ముక్కలే గర్వంగా అప్పజెప్పాడు. "డ్యూటీ కమ్ హో గయా సాబ్! ధూప్ మే బిఠావ్!"

"ఇస్కా భీ?" అని వజీర్ అరిచాడు.

అది డ్యూటీ కాదు, డి అని చెప్పడానికి భీమన్న నోరు తెరిచాడు. చెబితే మొదటిసారి చెప్పిందేమిటని వజీర్ అడుగుతాడు. నోరు మూసుకున్నాడు.

మర్నాటి నుంచి భీమన్న చువ్వల మీద, డ్యూటీ పూర్తయిన లచ్చన్న మళ్లీ కుర్చీలో. కాకపోతే లచ్చన్న తెలివిమీరాడు. పొద్దున పూట ఆ కుర్చీని బయటికి లాక్కుని, భీమన్న ఎదురుగానే ఎండలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

ఇస్తారి మళ్లీ ఊరికి వెళ్తూ ఫోటో దిగమన్నాడు. భీమన్న ఈసారి పక్కన ఏ దొరా లేకుండా ఒక్కడే దిగాడు.