సున్నా నంబరు కుంచెకు తలంటు

వినుడు, జనులారా, వినుడు! చెవుల్లోని ఇయర్‌ఫోన్లు ఒక్క ఘడియ తీసి పక్కన పెట్టి మరీ వినుడు! తూర్పున బంగాళాఖాత తరంగ మృదంగ ఘోషయు, పడమట వరిమడుల హరిత విస్తారమును, నడుమ రొయ్యల చెరువుల్లో రేయింబవళ్ళు నీట గాలి చిలుకుచు తిరుగు ఏరియేటర్ల ఘర్ఘర ధ్వానమును గల అల్లూరు మండలమందు, ఫిబ్రవరి మాసమున, ఒకానొక గురువారము నాటి ఉదయము ఎనిమిది గంటల వేళ, షామియానా కింద కుర్చీలైనను ఇంకా వేయని ఆ పెండ్లియింట, ఒక మహాసంగ్రామము జరిగెను. నెత్తురు చుక్కయైనను చిందలేదు గాని, కుంకుడు రసము మాత్రము ఏరులై పారెను.

ఆ సంగ్రామ ధీరుడు హెన్రీ. ఇసకపల్లి ఒడ్డున పడవలకు రంగులు పూసి, వాటి నొసట పేర్లు వ్రాయుట ఆయన వృత్తి. పగలెల్ల నాలుగంగుళాల బ్రష్షును గదవలె ఝళిపించు ఆ ప్రచండ భుజదండుడు, ఇల్లు చేరగానే బొటనవ్రేలంత బొమ్మలను ముందు పెట్టుకొని, ఊపిరి బిగబట్టి, వాటికి రంగులద్దుచు కూర్చొనును. ఆయన గూటిలో కుంచెలు పదునాలుగు. పదమూడు సైన్యము, పదునాల్గవది ప్రాణము. ఉడుత తోక వెంట్రుకలు కట్టిన, అన్నింటికన్న సన్ననిదైన ఆ సున్నా నంబరు కుంచెను పదకొండేండ్లుగా తన పెదవుల నడుమ సుతారముగా లాగి, సూదిమొనగా మలచి, అటుపిమ్మటనే రంగున ముంచును. ఏ బొమ్మకైనను కన్నులు దిద్దు అధికారము దానిదే. ఒకసారి తొందరపడి వేరొక కుంచె పట్టినందుకు ఒక పోలీసు బొమ్మకు మెల్లకన్ను వచ్చెను. పాపము, ఆ పోలీసు నేటికిని అలమర వెనుక అజ్ఞాతవాసము చేయుచున్నాడు.

ఆ గురువారము ఆయన ఇంటనే మేనకోడలు ఫేబీ పెండ్లి సందడి. పది గంటలకు చర్చిలో ఆరాధన, ఆపైన కేకు. కేకు శిఖరమున నిలువవలసిన వరుడును వధువును హెన్రీ చేతి బొమ్మలే. వరునికి నిన్నటి సాయంత్రమే కన్నులు వచ్చెను. వధువుకు ఉదయపు వెలుతురులో దిద్దుదమని ఆయన ఆగెను. ఫేబీకి ఏడేండ్లప్పుడు ఆయన కన్నులు పెట్టుట మరచి ఒక బొమ్మ నీయగా, అది చూచి ఆ పిల్ల మూడు దినములు అన్నము ముట్టలేదు. ఆనాడే హెన్రీ, బైబిలుపై చేయి వేయబోయి, ఒట్టు పెట్టరాదని పాస్టరుగారు చెప్పిన మాట తలచి వెనుకకు తీసికొని, తన గుండెపై వేసికొని, “ఊపిరి ఉండగా ఫేబీకి కన్నులు లేని బొమ్మ నీయను” అని భీషణముగా పలికియుండెను.

అట్టి మాటకు కట్టుబడినవాడు గూటిలో చేయి పెట్టెను. కుంచె లేదు! ఇల్లెల్ల గాలించి పెరటికి పోగా, ఎండలో, చాటలో, తెల్లగుడ్డపై అది వెల్లకిల పరుండి తలార్చుకొనుచుండెను. వెంట్రుకలు నిగనిగలాడుచుండెను. కొబ్బరినూనె గుమగుమలాడుచుండెను. మొన అనునది మచ్చుకైనను లేదు.

“కరుణా!” అని ఆయన పెట్టిన కేకకు గోడమీది కాకులు ఎగిరిపోయెను.

ఆయన భార్య కరుణాకుమారి చేతిలో మల్లెమాలతోనే వచ్చినది. “ఏందయ్యా ఆ అరుపు? పెండ్లిరోజు ఇంట్లో అందరికీ తలంటినా. ఫేబీకి పోసినాక కుంకుడు రసం రవ్వంత మిగిలింది. నీ కుంచె చూస్తే అట్టలు కట్టి ఉండాది. అదీ జుట్టే కదా అని దానికీ పోసినా. ఆరినాక రెండు చుక్కలు నూనె కూడా పెట్టినా. తప్పా?”

హెన్రీ మోకరిల్లి, కుంచెను రెండు చేతులా ఎత్తి, ఆకాశము వంక చూచి ఇట్లు పలికెను: “హా, సూక్ష్మాగ్రమా! సహస్ర నేత్ర ప్రదాత్రీ! ఏ మొనకు చీమ కాలును చిత్రించు చేవ గలదో, ఆ మొన నేడు తైలపంకమున మునిగెనా! ఇక నా వధువు వెలుగు నెట్లు చూచును?”

“ఎవురితో మాట్లాడతుండావు?” అని ఆమె అడిగెను.

ఆయన కుంచెను నల్లరంగున ముంచెను. రంగు నూనెను చూచి జారిపోయెను. కాగితముపై చుక్క పెట్టగా, అది కాళ్ళు చాపిన రొయ్యయై పరుండెను. నూనెను వదలగొట్టునది కుంకుడే గనుక, శత్రువునే శరణు వేడక తప్పలేదు. మరల రసము తీసి, మరల తలంటి, మరల ఫ్యాను కింద ఆరబెట్టగా, వెంట్రుకలు పది దిక్కులకు పది సేనలై విడిపోయెను. వాటిని ఒక్కటి చేయునది పెదవి ఒక్కటే.

హెన్రీ కుంచెను పెదవుల నడుమ పెట్టెను. అబ్బబ్బ, ఆ చేదు! నాలుక మెలికలు తిరిగి, దవడలు బిగిసి, కనుల వెంట నీరు ధారలు కట్టి, ఆ వీరుడు తులసికోట లేని ఆ పెరట్లో చుట్టూ మూడు ప్రదక్షిణములు చేసెను. రెండవసారి పెట్టెను. ఉమిసెను. మూడవసారి పెదవి దాకా తెచ్చెను గాని, పెదవి తెరచుకొనలేదు.

అంతలో తెల్లచీరలో ఫేబీ గుమ్మము దగ్గరకు వచ్చి, “మామా, కారు వచ్చేసినాది. పెట్టినావా కళ్ళు?” అనెను. హెన్రీ తల అడ్డముగా ఊపెను. ఆ పిల్ల ముఖము చిన్నబోయినది. “పోనీలే మామా, పరవాలేదు” అనెను గాని, ఆ పరవాలేదు ఆయన గుండెను కోసెను.

కరుణాకుమారి అది చూచెను. మల్లెమాలను కుర్చీపై పడవేసి, “ఇట్ట తే. జాకెట్లు కుట్టేదానికి దినానికి నలభై తూర్లు సూదికి దారం ఎక్కిస్తా, మొన తీసేది నాకు రాదా? చేసింది నేను, చేదు నువ్వు తినేదేంది?” అని కుంచెను లాగికొనెను. పదకొండేండ్లలో పరుల పెదవి ఎరుగని ఆ కుంచెను, పట్టుచీర కట్టి, పౌడరద్దుకొని, లిప్‌స్టిక్ వేసికొనియున్న ఆ సాహసి, కన్ను ఆర్పక నోట పెట్టి, మెల్లగా, మెలిత్రిప్పి, తీసెను. ఆమె ముఖము వంకాయ రంగు తిరిగెను. కుంచె మాత్రము సూదియై నిలిచెను! ఆ మొనను చూచి హెన్రీకి ఏడుపు వచ్చినది. “నా తల్లే” అని గొణిగి, ఊపిరి ఆపి, ఒకటి, రెండు, చుక్కలు పెట్టెను. ఊపిరి వదలెను.

ఫేబీ ఆ బొమ్మను అరచేతిలో పెట్టుకొని చూచి, గబాలున అత్తను కౌగిలించుకొనెను. “ఏడవబాక, కాటుక కారతాది. మళ్ళా మీ మామ ఆ కుంచె నీ మీదికి కూడా తెస్తాడు” అని కరుణాకుమారి కసరెను, కన్నీరు తుడుచుకొనుచు.

మధ్యాహ్నము మూడువందల మంది ఎదుట కేకు కోసిరి. అందరు ఫోటోగ్రాఫరునే చూచిరి. కన్నులు గమనించినవాడు ఒక్కడు లేడు. హెన్రీకిని కరుణాకుమారికిని మాత్రము ఆ కేకు చేదుగా ఉండెను. అయినను ఒకరి ముఖమొకరు చూచుకొని, రెండేసి ముక్కలు తినిరి.

కావున దిక్కులారా, దిక్పాలకులారా, షామియానా వారలారా, వినుడు! ఆవగింజలో సగమైనను లేని రెండు నల్లచుక్కలు, అనుకున్న చోటనే, ఒక్క వెంట్రుకవాసియైనను తప్పక పడినవి! జయము! జయము!